ఈవలి జర్మనీ, ఆవలి జర్మనీ

ఇది నేను ముందే రాయలేకపోవడానికి రెండు కారణాలు. ఒకటి, నాకు అక్షరాలు రాకపోవడం. యాభై ఏడో ఏట మేముండే గదుల వరస చాళ్లో ఒక టీచరమ్మ మధ్యాహ్నాలు ఆడవాళ్లను కూర్చోబెట్టి నేర్పితే వచ్చాయి. ఒత్తుల దగ్గర ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. రెండోది, ఆయన బతికి ఉన్నాడు. "నేను పోయినంక రాయి బిడ్డా, ఉన్నప్పుడు రాస్తే నన్ను అడుగుతరు" అన్నాడు. పోయిన నెలలో పోయాడు.

ఆయన ఎడమ కన్ను ఎవరి రాయితో పోయిందో పొట్టకూటికి మేమొచ్చిన ఈ మరాఠీ ఊరు భివండీలో మొన్నటిదాకా ముగ్గురికే తెలుసు. ఆయనకు, విసిరినవాడికి, నాకు. ఆ రాయి పేరు మీద జైల్లో ఉండి వచ్చింది నాలుగో మనిషి. అతనికి నిజం చెప్పాలని ముప్పై అయిదేళ్లుగా అనుకుంటూ వచ్చాను, చెప్పలేదు.

ఆయన పేరు రాయను. గల్లీలో కూడా ఎవరూ పేరుతో పిలవలేదు. అందరికీ జర్మనీ మామ.

మామ పని అచ్చులు అతకడం. మరమగ్గాన్ని మేము సాంచె అంటాం. సాంచె మీద ఒక భీము, అంటే పెద్ద ఇరుసుకు చుట్టిన నూలు, అయిపోతే కొత్త భీము ఎక్కిస్తారు. అప్పుడు పాత నూలు చివర ఉన్న వేల పోగులను, కొత్త నూలులోని వేల పోగులతో ఒక్కొక్కటిగా కలపాలి. ముడి వెయ్యకూడదు, మెలిపెట్టాలి. మామ పక్కన ఒక రేకు డబ్బాలో బూడిద ఉండేది. బొటనవేలూ చూపుడువేలూ అందులో అద్ది, రెండు పోగులు పట్టుకుని ఒక్కసారి నులిమితే అవి కలిసిపోయేవి. మధ్యమధ్య వేళ్ల మీద ఊదుకునేవాడు. పెళ్లిళ్లలో, చావుల్లో, చాయ్ హోటల్లో కూర్చున్నా ఆ రెండు వేళ్లు నులుముతూనే ఉండేవి. ఎవరితోనైనా మాట్లాడుతూ వేళ్లు ఆపేశాడంటే, వాళ్లు చెప్పేది నమ్మడం లేదని అర్థం.

ఆ పని ఒక్కరితో కాదు. సాంచె వెనక ఇంకొకరు కూర్చుని కొత్త భీము నుంచి పోగు తీసి అందిస్తూ ఉండాలి. మామకు అందించేవాడు రఫీఖ్. నాలాకు, అంటే మురికికాలువకు, అవతలి గల్లీ వాళ్ల పిల్లవాడు. పదమూడేళ్ల వయసులో వచ్చి చేరాడు. ఇద్దరి మధ్యా నూలు తెర ఉండేది. ఒకరి మొహం ఒకరికి పోగుల సందుల్లోంచే కనపడేది. అట్లాగే రఫీఖ్ తెలుగు నేర్చుకున్నాడు. నేను అదే కార్ఖానాలో కండెలు చుట్టేదాన్ని. నా మిషను ముందు నుంచి వాళ్లిద్దరి మాటలూ వినపడేవి.

"చాచా, ఈ పోగు సన్నం ఉన్నది."

"సన్నంది దొడ్డుదానితో కలిస్తది గానీ జర ఓపిక పట్టాలె. నువ్వు అందియ్యి."

మామ చెప్పే మాటల్లో ఒకటి పనివాళ్లందరికీ నోటికి వచ్చు. అచ్చు అతికినంత మాత్రాన పని అయిపోదు. ఆ అతుకులన్నీ దువ్వెనలాంటి పన్నె పళ్ల సందుల్లోంచి ముందుకు రావాలి. అవి దాటేదాకా సాంచెకు కరెంటు ఇవ్వకూడదు, చేత్తోనే తిప్పాలి. తొందరపడితే అన్నీ తెగుతాయి. "అతకంగనే అతికిందనకుర్రి. పన్నె దాటనియ్యుర్రి" అనేవాడు.

జర్మనీ ఆయనకు ఎట్లా పట్టుకుందో చెప్తాను. ఆ రాయికి కొన్నేళ్ల ముందు మా ఊళ్లో పెద్ద గొడవలు అయ్యాయి. అవి చల్లారాక మా గల్లీకీ రఫీఖ్ వాళ్ల గల్లీకీ మధ్య నాలా మీదున్న చిన్న వంతెనను రేకులు కొట్టి మూసేశారు. పనికి రావాలంటే రఫీఖ్ ధామన్కర్ నాకా కూడలి చుట్టూ తిరిగి వచ్చేవాడు. ఆ రోజుల్లో మామ చాయ్ హోటల్లో ఒకరోజు ఆలస్యంగా వచ్చే తెలుగు పేపరు చదివి పదిమందికి వినిపించేవాడు. ఒకనాడు పేపర్లో ఒక గోడ, దాని మీద వరుసగా కూర్చున్న జనం ఫోటో వచ్చింది. మామ దాన్ని కత్తిరించి, గంజితో కార్ఖానా స్తంభానికి అంటించాడు.

"ఏంది మామా గిది?" అని అడిగాను.

"జర్మనీ. ఒక్క జాతిని నడుమ గోడ పెట్టి రెండు చేసిండ్రు. ఈవలి జర్మనీ, ఆవలి జర్మనీ. ఇగ జనం గోడెక్కి కూసున్నరు. మనిషి ఎక్కి కూసున్నడంటే అది గోడ కాదు బిడ్డా, అరుగు."

ఆ రోజు నుంచి ఆయనకు వేరే ముచ్చట లేదు. హోటల్లో ఆటపట్టించేవాళ్లు.

"మామా, జర్మనీల నీకు చుట్టాలున్నరా?"

"ఉన్నరు. నీ పెండ్లికి పిలుస్త, కట్నాలు వాళ్లే చదివిస్తరు తియ్యి."

మరుసటి ఏడు వానలు మొదలయ్యాక ప్రపంచ ఫుట్‌బాల్ కప్పు జరిగింది. ఆఖరి ఆటలో గల్లీ మొత్తం జర్మనీకి ఎదురాడే జట్టు కోసం అరిచింది. ఆ జట్టు పొట్టి కెప్టెన్ ఏడుస్తుంటే మా వాళ్లూ ఏడ్చారు. మామ ఒక్కడే జర్మనీ అన్నాడు. ఆడింది ఈవలి జర్మనీ ఒక్కటే. గెలిచింది కూడా. ఆయన మాత్రం మిఠాయి పంచలేదు. "రెండు ఒక్కటైనంక వీళ్లను ఎవ్వలు ఓడగొట్టలేరట, పేపర్ల రాసిండ్రు" అన్నాడు. అంటూ వేళ్లు ఆపేశాడు.

వానలు వెనకపట్టాక ఆవలి జర్మనీ తన చివరి ఆట ఆడింది. ఇంకొన్ని రోజుల్లో ఆ దేశమే ఉండదు. ఆటకు రమ్మని పిలిస్తే చాలామంది రాలేదట, పద్నాలుగు మందే వచ్చారట. అయినా గెలిచారట. ఆ వార్త మామ రెండుసార్లు చదివాడు. "గెలిచిండ్రు. గెలిచి, ఆ అంగీలు విప్పి ఇండ్లకు పోయిండ్రు. ఇగ ఆ అంగీ ఎవ్వలు తొడుగరు." అట్లా అంటుంటే ఆయన మొహంలో సంతోషమో భయమో నాకు తెలియలేదు.

అప్పుడే ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. మా రెండు గల్లీలకూ రెండు ఫుట్‌బాల్ జట్లు ఉండేవి. ఆటకు మాత్రం నూలుకు గంజి పెట్టే సైజింగ్ కార్ఖానా వెనకున్న ఖాళీ జాగా ఒక్కటే. ఒకరు పొద్దున ఆడితే ఒకరు సాయంత్రం ఆడేవారు. మామ రెండింటినీ కలిపి ఒక్క జట్టు చేస్తానన్నాడు. కళ్యాణ్ రోడ్డు జట్టుతో పందెం కూడా పెట్టాడు. రోజు శుక్రవారం. మాకు సెలవు శుక్రవారమే.

జట్టు ఎంచే రోజు ఇరవై ఇద్దరూ వచ్చారు. మామ చేతిలో కాగితం పట్టుకుని పేర్లు పిలిచాడు. ఆవలి గల్లీ నుంచి ఏడుగురు, మా గల్లీ నుంచి నలుగురు. కెప్టెన్ రఫీఖ్. మా మరిది మా జట్టుకు గోల్‌కీపరు. అతని పేరు రాలేదు.

"మామా, నేనెక్కడ?"

"నువ్వు బయట కూసో రా. అవసరమైతే పిలుస్త."

"అవసరం లేనోళ్లు మనోళ్లే ఏడుగురా?"

"మంచిగ ఆడేటోళ్లను తీసిన. మనోళ్లు, వాళ్లోళ్లు అని తియ్యలె."

మామ న్యాయంగానే ఎంచాడు. అందులో అబద్ధం లేదు.

మరిదికి అప్పుడు ఇరవై ఏళ్లు. ఆ వారమంతా బంతిని మా ఒంటిగది ఖోలీ గోడకేసి కొడుతూనే ఉన్నాడు. అన్నం పెడుతుంటే అడిగాడు. "వదినె, జర్మనీల గూడ గిట్లనే చేస్తరా? సగం మందిని బయట కూసోబెడ్తరా?"

"నాకేం ఎరుక రా. తిను."

మర్నాడు పనిలో ఆ మాటే మామను అడిగాను. ఆయన వేళ్లు ఆగిపోయాయి. "ఇరవై రెండుల పదకొండు పోతే ఇంకో పదకొండు" అన్నాడు మెల్లగా. "గది నేను సోంచాయించలె." నూలు తెర వెనక నుంచి రఫీఖ్ పోగు పట్టుకుని ఎదురు చూస్తూనే ఉన్నాడు. కొత్త భీములో పోగులు ఎక్కువుంటే మామ వాటిని ఎప్పుడూ వేలాడనిచ్చేవాడు కాదు. వేలాడే పోగు పక్కదాన్ని చుట్టుకుంటుంది, రెండూ తెగుతాయి. ఆ సంగతి ఆయన కంటే బాగా తెలిసినవాడు ఊళ్లో లేడు.

అవి మంచి రోజులు కావు. దేశమంతా ఊరేగింపుల మాటే. మా గోడల మీద కొత్త రాతలు వచ్చాయి. నాకు చదవడం రాదు కాబట్టి రాతలను కాకుండా చదువుతున్నవాళ్ల మొహాలను చూసేదాన్ని. కొందరు చదివి నవ్వేవాళ్లు. కొందరు చదివి, ఆ దారిన మళ్లీ పోయేవాళ్లు కాదు. కిరాణా కొట్టులో జనం బియ్యం రెండింతలు కొనుక్కుంటున్నారు. మిద్దెల మీద ఇటుక ముక్కలు కుప్పపడుతున్నాయి. అడిగితే ఇల్లు కడుతున్నామన్నారు. ఎవరూ కట్టలేదు.

"మామా, ఈ శుక్రవారం వద్దు. తర్వాత పెట్టుకో" అన్నాను.

"జర్మనీ ఈ వారమే ఒక్కటైతున్నది బిడ్డా. మనం ఆగితే ఎట్ల?"

భివండీలో ఉండేవాళ్లకు ఒక సంగతి తెలుసు. ఏ గల్లీలోనైనా గొడవ మొదలైతే ముందు అక్కడ సాంచెలు ఆగుతాయి. ఆ నిశ్శబ్దం గల్లీ గల్లీ దాటి వస్తుంది. అది మన దాకా వచ్చేలోపు పిల్లలను లోపలికి పిలిచి తలుపు వేసుకోవచ్చు. మా అందరి ప్రాణాలనూ కాపాడింది ఆ చప్పుడు ఆగడమే. శుక్రవారం మాత్రం పొద్దున్నుంచే సాంచెలు ఆగి ఉంటాయి. ఎటువైపు ఏం జరుగుతున్నా వినపడదు. ఆట శుక్రవారం పెట్టినప్పుడు మామకు గానీ, నాకు గానీ, ఇంకెవరికి గానీ ఇది తట్టలేదు.

నేను సైజింగ్ కార్ఖానా ఇనుప మెట్ల మీద నిలబడి ఆట చూశాను. సగం ఆట అయ్యేసరికి కలిపిన జట్టు ఒక గోలు వేసింది. గోలు వేసింది మా గల్లీవాడు, బంతి అందించింది రఫీఖ్. మామ గీత బయట నిలబడి చప్పట్లు కొట్టాడు. మరిదీ, బయట ఉండిపోయిన మిగతా ఆరుగురూ కాంపౌండు గోడ వెనక ఉన్నారు. వాళ్ల వెంట మా గల్లీవాళ్లు కాని పదిమంది కొత్త మనుషులు ఉన్నారు. వాళ్లు ఎవరని నేను ఎవరినీ అడగలేదు.

రోడ్డు వైపు నుంచి నినాదాలు వినపడ్డాయి. ఆడుతున్నవాళ్లు ఒక్కక్షణం ఆగి అటు చూశారు. అప్పుడు గోడ వెనక నుంచి రాళ్లు వచ్చాయి.

గోల్‌కీపరు బంతి విసిరే తీరు వేరు. చెయ్యి పూర్తిగా వెనక్కి తీసి, భుజం పై నుంచి తిప్పి వదులుతాడు. ఆ గుంపులో అట్లా విసిరేవాడు ఒక్కడే. నేను ఆ చేతికి రోజూ అన్నం పెట్టేదాన్ని. అతను గురి చూసింది రఫీఖ్‌ను. మామ రఫీఖ్‌ను పిలుస్తూ అడ్డం వచ్చాడు.

రఫీఖ్ పరుగెత్తుకొచ్చి మామ తల ఒళ్లో పెట్టుకున్నాడు. అంగీ తీసి కంటికి అదిమాడు. పోలీసులు వచ్చేసరికి రెండు చేతుల నిండా రక్తంతో ఉన్నది అతనొక్కడే. మిగతావాళ్లంతా పారిపోయారు. అతన్నే తీసుకుపోయారు.

మూడో రోజు మా పెద్దమనుషులు ఇద్దరు, ఒక పోలీసతను మా ఖోలీకి వచ్చారు. మరాఠీలో రాసిన కాగితం తెచ్చారు. రాయి నాలా వైపు నుంచి, రఫీఖ్ వాళ్ల దిక్కు నుంచి వచ్చిందని నేను చూసినట్టు అందులో ఉందట. పెద్దమనుషుల్లో ఒకాయన నాతో తెలుగులో అన్నాడు. "మనోళ్ల పేరు బయటికొస్తే గల్లీ మళ్ల అంటుకుంటది. నీ ఇష్టం అమ్మా." నా భర్త గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మరిది ఇంట్లో లేడు. నేను వేలిముద్ర వేశాను.

మామను దవాఖానలో అడిగితే, "రాయి వచ్చెటప్పుడు రాయినే చూస్తం సాబ్, చెయ్యిని చూడం" అన్నాడట. అబద్ధం చెప్పలేదు, నిజం కూడా చెప్పలేదు. ఆయన ఇంటికి వచ్చాక గంజి పట్టుకుపోయాను. అప్పుడు ఆయనే అన్నాడు. "ఆ చెయ్యి నాకు ఎరుకలేదా బిడ్డా?"

"మరెందుకు చెప్పలె మామా?"

"వాన్ని బయట కూసోబెట్టింది నేను."

"రఫీఖ్‌ను లోపల కూసోబెట్టింది ఎవ్వలు?"

ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. గంజి గిన్నె అందుకోబోతే చెయ్యి గాలిలోకి పోయింది. ఒక్క కన్నుతో దూరం తెలియదని అప్పుడే చూశాను.

రఫీఖ్ ఏడు నెలలు లోపల ఉన్నాడు. కేసు నిలబడలేదు, వదిలేశారు. బయటికి వచ్చిన వారానికి మామ ధామన్కర్ నాకా చుట్టూ నడిచి ఆవలి గల్లీకి పోయాడు. రఫీఖ్ తల్లి గడపలో నిలబడి నీళ్లు ఇచ్చిందట, కూర్చోమనలేదట. రఫీఖ్ లోపల ఉండి రాలేదు. పోలీసులకు తన పేరు చెప్పింది చాచాయే అని అతని నమ్మకం. మామ కాదనలేదు. కాదంటే మరి ఎవరని అడుగుతాడు కదా.

ఆ తర్వాత మామ ఒక్కడే అచ్చులు అతికాడు. పోగు తీసుకునేదీ ఆయనే, కలిపేదీ ఆయనే. ఒక పూటలో అయ్యే పని మూడు పూటలు పట్టేది. కొత్తవాళ్లను పెట్టుకోమంటే వద్దన్నాడు. నూలు తెరలోంచి అవతలికి చూసేవాడు. అక్కడ ఎవరూ ఉండరు.

జర్మనీ మాత్రం మానలేదు. ఎవరూ ఓడించలేరన్న జట్టు రెండేళ్లకే ఓడిపోయింది. ప్రతి నాలుగేళ్లకూ కప్పు వచ్చినప్పుడు ఆయన అడిగేది ఒకటే. "పదకొండుల ఆవలోళ్లు ఎంతమంది?" ఫోన్లు వచ్చాక ఆయన మనవడు వెతికి చెప్పేవాడు. పదేళ్ల కిందట మళ్లీ కప్పు గెలిచినప్పుడు కూడా అడిగాడు.

"జట్టు మొత్తంల ఆవలి జర్మనీల పుట్టినోడు ఒక్కడే తాతా."

"ఒక్కడేనా?" అన్నాడు. జట్టు గెలిచిన సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. ఆ తర్వాత రెండుసార్లు ఆ జట్టు మొదట్లోనే ఇంటికి వచ్చేసింది. అప్పుడు కూడా ఆశ్చర్యపోలేదు.

నాకు అక్షరాలు వచ్చాయని తెలిసి పోయినేడు పిలిపించాడు. మంచంలో ఉన్నాడు. నా నోటుబుక్కు కంటికి ఆనించుకుని చూశాడు.

"గీతలు వంకర పోయినయి. అయినా చదువొస్తున్నది. ఏం రాస్తవ్ ఇగ?"

"మీ గురించి రాయాలని ఉన్నది మామా."

"నా గురించి రాస్తే అది గూడ రాయాలె."

"రాస్త."

చాలాసేపు వేళ్లు నులుముకున్నాడు. ఆ తర్వాతే తాను పోయినంక రాయమన్నాడు. ధైర్యం చేసి ఇప్పుడే రఫీఖ్‌కు చెప్పేద్దాం రా అంటాడేమోనని నేను ఎదురుచూశాను. ఆయన అనలేదు. ఆయన మంచివాడని రాయాలని కూర్చున్నాను. మంచివాడే. భయస్థుడు కూడా. నేనూ అంతే.

ఆయన పోయినప్పుడు పాడె మోసిన నలుగురిలో మా మరిది ఒకడు. మాన్కోలిలో లోడింగు కాంట్రాక్టులు చేస్తాడిప్పుడు. నా భర్త పోయాక, పిల్లలు లేని నన్ను పదేళ్లుగా అతనే చూసుకుంటున్నాడు. ఒక్కనాడు మాట అనలేదు. పదకొండో రోజు భోజనాల దగ్గర అతని విస్తట్లో అన్నం వడ్డిస్తూ చెప్పాను.

"రేపు కాల్హేర్ పోతున్న."

"ఎందుకు వదినె?"

"రఫీఖ్ అక్కడ గోడౌనుల వాచ్‌మన్ అట. చెప్పొస్త."

అతను అన్నం కలపడం ఆపాడు. చుట్టూ చూశాడు. గొంతు పెంచలేదు. "ఊరు మళ్ల ఎట్లున్నదో కనవడ్తలేదా నీకు? గోడల మీద రాతలు ఇప్పుడు నువ్వు గూడ చదువుతున్నవ్ గదా. ఇప్పుడు గిది బయటవడితే ఏమైతదో తెలుసా?"

"అప్పుడు గూడ ఇదే మాట అన్నరు."

"నాకు పిల్లలున్నరు వదినె."

"రఫీఖ్‌కు గూడ ఉన్నరు. నువ్వు రా నాతోటి. నీ నోటితో చెప్పు."

"పిచ్చిలేసిందా?" విస్తరి మడిచి లేచాడు. చెయ్యి కడుక్కుని వచ్చి నా ముందు నిలబడ్డాడు. "పోతే పో. మళ్ల నా గడప తొక్కకు."

మర్నాడు పొద్దున నేను తొందరగా లేచాను. సంచిలో రెండు చీరలు, నోటుబుక్కు పెట్టుకున్నాను. మరిది తలుపు వేసే ఉంది. ధామన్కర్ నాకా దగ్గర షేరు ఆటో ఎక్కాను. కాల్హేర్‌లో మూడు గోడౌన్ల దగ్గర అడిగితే నాలుగో గేటు చూపించారు.

గడ్డం నెరిసింది గానీ గుర్తుపట్టాను. అతనూ పట్టాడు. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి తుడిచి వేశాడు.

"బైఠో వదినె. చాచా పోయిండట కదా. ఆలస్యంగ తెలిసింది."

"రఫీఖ్, ఆ రాయి విసిరింది మా మరిది. నేను చూసిన. చూసి, నాలా దిక్కు నుంచి వచ్చిందని కాగితం మీద వేలు పెట్టిన."

గేటు ముందు ఒక ట్రక్కు వచ్చి హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది. రఫీఖ్ అటు చూడలేదు.

"నా పేరు చాచా చెప్పలేదా?"

"చెప్పలె."

"ఎవరు విసిరిండో చాచాకు తెలుసా?"

దారి పొడుగునా నేను భయపడింది ఈ ప్రశ్నకే. తెలియదంటే ఆయన ఇతని మనసులో కొత్తగా మంచివాడై మిగులుతాడు. పోయినవాడి మీద ఇంకెవరూ విచారణ చెయ్యరు.

"తెలుసు" అన్నాను. "మొదటి రోజు నుంచి తెలుసు."

రఫీఖ్ పోయి గేటు తీశాడు. ట్రక్కు లోపలికి పోయింది. గేటు మూసి, గొళ్లెం వేసి, తిరిగి నా దగ్గరికి వచ్చాడు. కళ్లు నా మొహం మీదే ఉన్నాయి.

"మొత్తం చెప్పు" అన్నాడు. "మొదట్నుంచి చెప్పు."

నేను కుర్చీలో కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టాను.